ఒహ్తానీ ఒప్పందమా, సోటో ఒప్పందమా?

మొత్తం: అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్లు ఇద్దరిలో షోహెయ్ ఒహ్తానీకి (లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు, 2023 డిసెంబర్) 10 ఏళ్లకు 70 కోట్ల డాలర్లు. హువాన్ సోటోకు (న్యూయార్క్ మెట్స్ జట్టు, 2024 డిసెంబర్) 15 ఏళ్లకు 76.5 కోట్లు. పైకి సోటోదే పెద్దది. అసలు తేడా మాత్రం డబ్బు చేతికందే తేదీలో ఉంది.

చెల్లింపు: ఒహ్తానీకి ఏటా 20 లక్షలే. మిగతా 68 కోట్లు 2034 నుంచి 2043 వరకు, వడ్డీ లేకుండా. సోటోకు వాయిదాల్లేవు, పైగా సంతకానికే 7.5 కోట్లు.

లగ్జరీ ట్యాక్స్ (జీతాల ఖర్చు పరిమితి దాటిన జట్టు కట్టే పన్ను) లెక్క: వాయిదా సొమ్మును నేటి విలువకు తగ్గించి లెక్కిస్తారు. అందుకే ఒహ్తానీ పద్దు ఏడాదికి 7 కోట్లు కాదు, సుమారు 4.6 కోట్లే. సోటోది 5.1 కోట్లు. వాయిదా వేస్తే పన్ను మొత్తం ఎగిరిపోతుందనుకోవడం అపోహే.

రిస్కు: ఒహ్తానీది బంతి విసిరే (పిచింగ్) చెయ్యి, 2023 సెప్టెంబర్‌లో మోచేతికి రెండో ఆపరేషన్. సోటో విషయంలో భయం వయసు. ఒప్పందం ముగిసేసరికి నలభై దాటుతుంది.

తప్పుకునే దారి: 2029 సీజన్ తర్వాత సోటో వెళ్లిపోవచ్చు. ఆపాలంటే మెట్స్ చివరి పదేళ్లకు ఏటా 40 లక్షలు పెంచాలి, మొత్తం 80.5 కోట్లవుతుంది.

ప్రకటనలతోనే దండిగా సంపాదించే ఆటగాడికి, ఇప్పుడే కప్పు కొట్టాలనుకునే జట్టుకు ఒహ్తానీ పద్ధతి నప్పుతుంది. ఆదాయమంతా బ్యాటు మీదే ఉన్న 26 ఏళ్ల కుర్రాడికి సోటో పద్ధతే మేలు.