ఒంటి స్పీకర్ బ్లూటూత్ డబ్బా: మూడేళ్లు వాడాక

రంగు, బరువు, ఎన్ని వాట్లు అన్నవి పెట్టె మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. దీని లోపల ఉన్నది ఒకే స్పీకర్. ఎడమ, కుడి అని రెండు లేవు. ఒంగోలు కర్నూలు రోడ్డులో కొన్నప్పుడు అది లోటనే అనుకున్నాను, డబ్బులు తక్కువని సర్దుకున్నాను. కానీ నా మొదటి ఈడీఎమ్ (ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్) ట్రాక్‌లో తప్పు ఎక్కడుందో తెలిసింది ఆ లోటు వల్లే.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూస్తాను. గెలాక్సీ రాయి కోసే కట్టర్ రోజంతా మోగుతూనే ఉంటుంది. బ్లేడు రాయిలోకి దిగేటప్పుడు ఒక శ్రుతి, రాయి చివరికొచ్చి బయటపడేటప్పుడు ఇంకో శ్రుతి. ఆ రెండోది నాకు చాలా ఇష్టం. దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో వేసుకుని, 126 బీపీఎమ్‌లో (నిమిషానికి 126 దెబ్బలు) కొట్టే కిక్ డ్రమ్ము మీద నాలుగు నెలలు రాత్రిళ్లు కూర్చుని ట్రాక్ చేశాను. ఊపు పెరుగుతూ పోయే బిల్డప్ అంతా ఆ కట్టర్ కూతే. ఆ ఊపు ఒక్కసారిగా విరుచుకుపడే డ్రాప్‌లో పెద్ద సింథ్ లీడ్, అంటే ముఖ్యమైన ట్యూన్, పడుతుంది. హెడ్‌ఫోన్స్‌లో వింటే ఆ లీడ్ తలకు రెండు పక్కలా గోడల్లా లేచేది. ఒళ్లు జలదరించేది.

ఫ్రెండ్స్‌కి పంపాను. 'సూపర్ మామా', 'కేక', వరసగా నిప్పు బొమ్మలు. వాళ్లని తప్పు పట్టను, నా కష్టం తెలిసినవాళ్లు కదా. ఆన్‌లైన్‌లో ఒకరికి ఐదొందలు కట్టి ఫీడ్‌బ్యాక్ అడిగితే రెండు లైన్లు వచ్చాయి. మిక్స్ బాగుంది, డ్రాప్‌లో ఎనర్జీ పెంచండి అని. ఎందుకు తగ్గింది, ఎక్కడ పెంచాలి అన్నది లేదు. తిరిగి అడిగితే జవాబు రాలేదు. ఎనర్జీ అంటే ఇంకా వెడల్పు కావాలేమో అనుకుని, ఉచితంగా దొరికిన ఒక వైడ్‌నర్ ప్లగిన్ (శబ్దాన్ని రెండు పక్కలకు విస్తరించే చిన్న సాఫ్ట్‌వేర్) లీడ్ మీద వేసి చివరిదాకా తిప్పేశాను. హెడ్‌ఫోన్స్‌లో ఇంకా బ్రహ్మాండంగా అనిపించింది.

ఆ ఆదివారం స్పీకర్ వంటింట్లో ఫ్రిజ్ మీద ఉంది. అమ్మ కింద కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. ఏం పెడుతున్నానో చెప్పకుండా ట్రాక్ పెట్టాను. కట్టర్ కూత మొదలవగానే, "నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా వెనకాల వినపడే మోత కదా ఇది?" అంది. గుర్తుపట్టినందుకు నాకు ఎంత సంబరమో. కూత పెరిగింది, స్నేర్ డ్రమ్ము దెబ్బలు దగ్గరపడ్డాయి, అంతా ఒక్క క్షణం ఆగింది, డ్రాప్ పడింది. అమ్మ చేతిలో కాడ అలాగే పట్టుకుని తలెత్తి ఫ్రిజ్ వైపు చూసింది.

"చార్జింగ్ అయిపోయిందేంట్రా?"

అవలేదు. కిక్ కొడుతూనే ఉంది. పైన హై హ్యాట్ తాళం సన్నగా వినపడుతోంది. మధ్యలో ఉండాల్సిన లీడ్ మాత్రం లేదు. ఏదో పక్కవీధిలో మోగుతున్నట్టు కొంచెం గాలి శబ్దం, అంతే. గుండె జారిపోయింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే లీడ్ ఉంది. స్పీకర్‌లో పెడితే లేదు. నాలుగుసార్లు అలా మార్చి మార్చి విన్నాను. ముందు స్పీకరే పాడైందనుకున్నాను. అనుమానం తీరడానికి కిక్ ఒక్కదాన్నే పూర్తిగా ఎడమకు పాన్ చేసి విన్నాను, తర్వాత కుడికి చేసి విన్నాను. రెండుసార్లూ వచ్చింది. అంటే ఈ డబ్బా రెండు వైపులవీ కలిపే వినిపిస్తోంది. తప్పు దానిది కాదు.

జరిగింది ఇది. ఆ ప్లగిన్ ఎడమకు పోయే శబ్దాన్నే తిరగేసి కుడికి పంపుతోంది. ఎడమ అల పైకి లేచినప్పుడు కుడి అల కిందికి దిగుతుంది. హెడ్‌ఫోన్స్‌లో ఏ చెవిది ఆ చెవికే పోతుంది కాబట్టి వెడల్పుగా అనిపిస్తుంది. రెండూ ఒకే స్పీకర్‌లో కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నేను ఎనర్జీ అనుకుని ఎంత తిప్పానో, మోనోలో, అంటే రెండు వైపులూ ఒకటిగా కలిసినప్పుడు, లీడ్ అంత మాయమైంది.

ప్లగిన్ తీసేశాను. లీడ్‌ను రెండు పొరలుగా చేసుకుని, ఒకటి నడిమధ్యలో మోనోగా, ఇంకోటి పక్కలకు కాస్త తక్కువ వాల్యూమ్‌లో పెట్టాను. బేస్ మొత్తం మధ్యకే తెచ్చాను. రాత్రి మళ్లీ ఫ్రిజ్ మీద పెట్టి వినిపిస్తే అమ్మ ఈసారి తలెత్తలేదు. గిన్నెలు సర్దుకుంటూనే, "ఆ, ఇప్పుడు వస్తోంది" అంది. నాలుగు నెలల్లో నాకు అందిన ఫీడ్‌బ్యాక్ మొత్తంలో పనికొచ్చినవి ఆ రెండు మాటలే, పొద్దున అన్నదీ రాత్రి అన్నదీ.

పెద్ద స్టూడియోల్లో 1970ల నుంచే ఆరాటోన్ అనే చిన్న చదరపు స్పీకర్ ఒకటి పక్కన పెట్టుకుని మిక్స్ సరిచూసుకునేవారని తర్వాత తెలిసింది. రేడియోలో, కారులో జనానికి ఎలా వినపడుతుందో తెలియడానికి. నా డబ్బా చేసిన పని కూడా అదే.

అప్పట్లో అందరికీ చెప్పాను, ఇంకేం కొనక్కర్లేదు, ఇదొక్కటి చాలని. ఆ మాట ఇప్పుడు కొంచెం సరిదిద్దుకోవాలి.

మా బాబాయికి టంగుటూరులో డీజే సిస్టమ్ ఉంది. పాత పొగాకు బ్యారన్ పక్కన రేకుల షెడ్డులో బాక్సులన్నీ పెట్టుకుంటాడు. ట్రాక్ తీసుకెళ్లి 18 అంగుళాల బేస్ బాక్సుల మీద పెట్టించాను. లీడ్ నిండుగా వచ్చింది. ముందు వెర్షన్ కూడా పెడితే అక్కడా మాయమే. "మన దాంట్లో రెండు పక్కలా ఒకటే సౌండ్ పంపుతాం అబ్బయ్యా. ఊరేగింపులో ఒక పక్కన నడిచేవాడికి సగం పాటే వినపడితే ఎట్టా?" అన్నాడు. అంతవరకు మా వంటింటి డబ్బా చెప్పింది నిజమే. కానీ డ్రాప్ రెండోసారి వచ్చేసరికి షెడ్డు రేకులు అదరడం మొదలుపెట్టాయి. బాబాయి చెయ్యెత్తి ఆపమన్నాడు. "కిక్కు యాడుందిరా? అంతా గుమ్మని ఒకటే మోత."

నా బేస్ స్వరం ఎఫ్. దాదాపు 44 హెర్ట్జ్. ఇంత చిన్న స్పీకర్ అంత కిందికి దిగలేదు. అందులో బేస్ వినపడక, వినపడేదాకా పెంచుకుంటూ పోయాను. పెంచినదంతా ఇక్కడ బయటపడింది. తర్వాత బేస్ వాల్యూమ్ దించి, దాని మీద కొంచెం శాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకు చేసే ఎఫెక్ట్) వేశాను. అప్పుడు 44కి పైన 88, 132 దగ్గర కూడా శబ్దం పుడుతుంది, చిన్న స్పీకర్‌లో చెవి దాన్ని పట్టుకుంటుంది. కిక్ కొట్టిన ప్రతిసారీ బేస్ తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టాను. రెండో వారం షెడ్డుకు పోతే బాబాయి ఏమీ అనలేదు, చివరిదాకా మోగనిచ్చాడు. కాబట్టి 100 హెర్ట్జ్ కింద ఈ డబ్బా మాట నమ్మకండి. మధ్య శ్రుతుల్లో ఉన్న లీడ్, గొంతు, స్నేర్ గురించి అడగండి, ఉన్నదున్నట్టు చెబుతుంది.

ఇంకో ఇబ్బంది, బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది. కీబోర్డ్ వాయిస్తూ దీన్లో వినడం కుదరదు, నొక్కిన తర్వాత ఎప్పటికో పలుకుతుంది. నా దానికి వెనక ఆక్స్ హోల్ ఉంది కాబట్టి వైరు తగిలిస్తాను. ఇప్పుడు షాపుల్లో చూసిన చాలావాటికి అది లేదు, చూసుకుని కొనండి. డబ్బా చిన్నదిగా ఉన్నంత మాత్రాన లోపల ఒకటే స్పీకర్ ఉంటుందనుకోవద్దు, కొన్నింటిలో రెండుంటాయి.

అసలు కొనకుండా కూడా ఈ పని అవుతుంది. ఎఫ్ఎల్ స్టూడియోలో మాస్టర్ ట్రాక్ మీద స్టీరియో సెపరేషన్ నాబ్‌ను పూర్తిగా కుడికి తిప్పితే మోనో అయిపోతుంది. ఏబుల్టన్ లైవ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో అయితే యుటిలిటీ అనే ఎఫెక్ట్‌లో మోనో బటన్ ఉంది. నేనిప్పుడు రోజూ అలా మోనో చేసి వింటున్నాను. కాకపోతే స్క్రీన్ ముందు కూర్చున్నప్పుడు లీడ్ ఎక్కడ రావాలో నాకు ముందే తెలుసు, లేకపోయినా ఉన్నట్టే అనిపిస్తుంది. పక్కగదిలో వేరే పనిలో ఉన్న మనిషికి అలా ఉండదు. సొంత గది, మంచి స్టూడియో స్పీకర్లు, ముఖం మీద చెప్పే స్నేహితులు ఉన్నవాళ్లకు ఈ డబ్బా అక్కర్లేకపోవచ్చు. మాది రెండు గదుల ఇల్లు, రాత్రి పదకొండు దాటితే హెడ్‌ఫోన్సే గతి, కాబట్టి నాకు అవసరమైంది.

మొదట్లో సాయంత్రమంతా వచ్చే బ్యాటరీ ఇప్పుడు రెండు గంటలకు మించి రావట్లేదు. మార్చమంటే షాపులో కొత్తది తీసుకోమన్నారు. తీసుకోలేదు. చార్జర్ తగిలించి ఫ్రిజ్ మీదే ఉంచాను. రెండో ట్రాక్ డ్రాప్ దగ్గర అమ్మ ఇప్పటికి రెండుసార్లు తలెత్తింది. ఇంకా దాని మీదే ఉన్నాను.