డిపెండెన్సీ వాకర్: పాత సిస్టమ్ మీద ఏడేళ్ల వాడకం

తెనాలిలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు చేస్తాం. పనంతా ఇప్పటికీ కోర్ 2 డ్యుయో అనే పాత ప్రాసెసర్ ఉన్న సిస్టమ్ మీదే నడుస్తుంది. 2 జీబీ ర్యామ్, 32 బిట్ విండోస్ 7. పాత తెలుగు ఫాంట్లు, చేతికి అలవాటైన కీబోర్డు, ఇన్నేళ్ల పేజీలు అన్నీ అందులోనే ఉన్నాయి. విండోస్ 7కి 2020 జనవరి 14తో సపోర్టు ఆగిపోయినప్పటి నుంచి దానికి నెట్ తీసేశాను. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోనే తిరుగుతాయి.

ఆ సిస్టమ్‌లో ఏ ప్రోగ్రామైనా మొరాయిస్తే నేను ముందు తెరిచేది డిపెండెన్సీ వాకర్. ఒక ప్రోగ్రామ్ నడవడానికి ఏయే ఫైళ్లు కావాలో, వాటిలో ఏవి లేవో చూపించే ప్రోగ్రామ్ ఇది. ఉచితం. ఒక ఎంబీ కూడా ఉండదు, ఇన్‌స్టాల్ చేసే పని లేదు.

దీని విలువ పెళ్లిళ్ల సీజన్‌లో తెలిసింది. పీడీఎఫ్ చేసే ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ వేశాను. డబుల్ క్లిక్ చేయగానే ‘ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ-రన్‌టైమ్’ అని మొదలయ్యే డీఎల్ఎల్ (ప్రోగ్రామ్‌లు నడవడానికి వాడుకునే సహాయక ఫైలు) లేదంటూ చిన్న పెట్టె వచ్చింది. తెలిసినాయన ఒకరు ఆ ఒక్క ఫైలు నెట్‌లో దింపి విండోస్ సొంత ఫోల్డరైన సిస్టమ్32లో పెట్టమన్నారు. పెట్టాను. వెంటనే ఇంకో పేరు అడిగింది. రిపేరు కుర్రాడొచ్చి ఫార్మాట్ కొట్టాల్సిందేనన్నాడు. శుభలేఖలు ప్రూఫులో ఉండగా ఫార్మాట్ అంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

డిపెండెన్సీ వాకర్‌లో ఆ ప్రోగ్రామ్ ఈఎక్స్ఈ ఫైలు తెరిస్తే ఎడమవైపు చెట్టులా జాబితా వచ్చింది. అదే ఇంటిపేరున్న ఫైళ్లు వరసగా, ఒక్కోదాని పక్కన పసుపు ప్రశ్నార్థకం. లేనిది ఒక ఫైలు కాదు, యూనివర్సల్ సీ రన్‌టైమ్ మొత్తం, అంటే చాలా ప్రోగ్రామ్‌లు ఉమ్మడిగా వాడుకునే ఫైళ్ల గుంపు. విండోస్ 10లో అది లోపలే ఉంటుంది. 7లో కేబీ2999226 అప్‌డేట్‌తో రావాలి, అదీ సర్వీస్ ప్యాక్ 1 (విండోస్ దిద్దుబాట్లన్నీ కలిపిన మూట) ఉంటేనే ఎక్కుతుంది. రన్‌లో విన్‌వర్ కొట్టి చూస్తే మా దాంట్లో సర్వీస్ ప్యాకే లేదు. ముందు అది, తర్వాత అప్‌డేట్, రెండూ 32 బిట్‌వే వేశాను. రాత్రి తొమ్మిదింటికి ప్రోగ్రామ్ తెరుచుకుంది. ఒక్క ఫాంటు కూడా పోలేదు.

మరోసారి ఒక ఫొటో ప్రోగ్రామ్ ఏ మెసేజీ లేకుండా రెండు సెకన్లు తిరిగి మాయమయ్యేది. జాబితాలో లోటేమీ కనిపించలేదు. అప్పుడు ఎఫ్7 నొక్కి ప్రొఫైల్ నడిపించాను. ఇదే దీనిలో నాకు బాగా నచ్చిన సదుపాయం. ప్రోగ్రామ్‌ను తనే నడుపుతూ ప్రతి అడుగూ కింద రాస్తుంది. చివర్లో 0ఎక్స్‌సీ000001డీ, ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని పడింది. ప్రాసెసర్‌కు తెలియని ఆదేశం ఇచ్చారన్నమాట. ఏవీఎక్స్ లాంటి ఆదేశాలు 2011 నుంచి వచ్చిన ప్రాసెసర్లలోనే ఉంటాయి, కోర్ 2 డ్యుయోలో ఉండవు. ఎన్ని అప్‌డేట్లు వేసినా అది తెరుచుకోదు. దాని పాత వెర్షన్ వెతికి వేసుకున్నాను, హాయిగా నడుస్తోంది.

కొత్తవాళ్లను కంగారు పెట్టే సంగతి ఒకటుంది. బాగున్న ప్రోగ్రామ్‌లో కూడా ఐఈషిమ్స్ డీఎల్ఎల్ లేదని చూపిస్తుంది. ప్రశ్నార్థకం మీద ఇసుక గడియారం బొమ్మ ఉంటే అది అవసరం పడ్డప్పుడే లోడయ్యేది, వదిలేయండి. 32 బిట్ ప్రోగ్రామ్‌కి 32 బిట్ వాకరే వాడండి, లేకపోతే జాబితా అంతా తప్పులతో నిండిపోతుంది.

ఇంట్లో విండోస్ 10 ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇది పనికి రాలేదు. నిమిషాల తరబడి బిగుసుకుపోయి, ఉన్న ఫైళ్లనే లేవంటుంది. అక్కడ ‘డిపెండెన్సీస్’ అనే కొత్త ప్రోగ్రామ్ వాడుతున్నాను. షాపులో పెన్‌డ్రైవ్‌లో మాత్రం వాకర్, సర్వీస్ ప్యాక్, ఆ అప్‌డేట్ మూడూ ఒకే ఫోల్డరులో ఉంటాయి.