క్రిప్టో లావాదేవీల్లో గోప్యత: ఎక్స్ఛేంజ్ ఖాతానా, సొంత వాలెటా, ఏది మేలు?

తిరుపతి ఎంత పెరిగినా పరిచయాల విషయంలో ఇంకా చిన్న ఊరే. ఎవరి స్థలం ఎంతకు పోయిందో, ఎవరి అబ్బాయి జీతం ఎంతో బైరాగిపట్టెడలో తెలిస్తే కొర్లగుంటకు చేరడానికి ఎంతో సేపు పట్టదు. ఇటువంటి చోట బిట్‌కాయిన్ వంటి క్రిప్టో నాణేలు దాచుకున్న మనిషికి గోప్యత అంటే ముఖ్యంగా ఒకటే అర్థం: తాను ఎవరికైనా కొంత పంపినప్పుడు, తన దగ్గర మొత్తం ఎంత ఉందో వారికి తెలియకూడదు. పన్ను శాఖ నుంచి దాచడం దీనికి పూర్తిగా వేరైన విషయం, దానికి ఈ వ్యాసంలో చోటు లేదు. క్రిప్టోను కొని అమ్మిపెట్టే సంస్థలో, అంటే ఎక్స్ఛేంజ్‌లో ఖాతా, తాళంచెవి మన చేతిలోనే ఉండే సొంత వాలెట్ వంటి మార్గాల్లో ఆ మొదటి అవసరానికే ఏది ఎంతవరకు పనికివస్తుందో ఇక్కడ చూద్దాం.

బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ నమోదయ్యే బహిరంగ పద్దు తిరుమల ఆలయ గోడల మీది దానశాసనాల వంటిది. ఒకసారి చెక్కాక ఎవరైనా, ఎన్నేళ్లకైనా చదువుకోవచ్చు. శాసనంలో దాత పేరు ఉంటుంది, ఇక్కడ ఖాతా సంఖ్య లాంటి అడ్రస్ మాత్రమే ఉంటుంది. కానీ ఆ అడ్రస్ ఫలానా వారిదని ఒక్కరికి తెలిసినా చాలు, దాని పాత లావాదేవీలన్నీ, ఇకముందు జరిగేవి కూడా, ఆ మనిషి కళ్లముందు ఉన్నట్టే.

స్నేహితులతో తలకోన వెళ్లి వచ్చి, ఖర్చులో తన వాటాగా రెండు వేల రూపాయల విలువైన యూఎస్‌డీటీని (డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో నాణెం) ఒకరు పంపారనుకుందాం. అది నడిచే ఎథీరియం, ట్రాన్ వంటి నెట్‌వర్క్‌లలో ఒకే అడ్రస్‌ను ఏళ్ల తరబడి వాడుకోవడం మామూలు అలవాటు. కనుక సొంత వాలెట్ నుంచి పంపితే, అందుకున్న స్నేహితుడు ఆ అడ్రస్‌ను ఆ పద్దులను చూపించే వెబ్‌సైట్లయిన ఈథర్‌స్కాన్‌లోనో ట్రాన్‌స్కాన్‌లోనో వేసి, నిల్వ ఎంతో, అంతకుముందు ఎవరెవరికి ఎంత వెళ్లిందో నిమిషంలో చూడగలడు. అదే ఎక్స్ఛేంజ్ ఖాతా నుంచి పంపితే, ఆ సొమ్ము సాధారణంగా అందరు ఖాతాదారుల డబ్బూ కలిసి ఉండే ఎక్స్ఛేంజ్ వాలెట్ నుంచి బయలుదేరుతుంది; అవతలివారికి కనిపించేది ఎక్స్ఛేంజ్ అడ్రసే తప్ప మన నిల్వ కాదు. సొంత వాలెట్ ఉంటేనే గోప్యత అని చెప్పేవారు ఈ సంగతిని తరచుగా మరిచిపోతారు. పరిచయస్థుల చూపు నుంచి కాపాడుకోవడమే ఉద్దేశమైతే, చిన్న చెల్లింపులకు ఎక్స్ఛేంజే మేలు.

అయితే ఆ మరుగుకు ధర ఉంది. మన దేశంలో 2023 మార్చి 7 నాటి నోటిఫికేషన్‌తో క్రిప్టో సేవలందించే సంస్థలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి. అందువల్ల పాన్, ఆధార్, సెల్ఫీ, బ్యాంకు ఖాతా, మనం సొమ్ము పంపిన ప్రతి అడ్రస్ వారి దగ్గర నమోదై ఉంటాయి. ఊరి నుంచి దాగినది సంస్థకు పూర్తిగా తెలుసు, ఆ సంస్థ నుంచి సమాచారం బయటకు పొక్కితే మనం చేయగలిగింది ఏమీ ఉండదు.

బిట్‌కాయిన్ సొంత వాలెట్ కథ కొంత వేరు. ప్రతి లావాదేవీకి కొత్త అడ్రస్ వాడాలని బిట్‌కాయిన్‌ను ప్రతిపాదించిన 2008 నాటి మూల పత్రమే సూచించింది. అనేక అడ్రస్‌ల సొమ్మును కలిపి ఒకే చెల్లింపుగా పంపితే అవన్నీ ఒకరివేనని బయటపడుతుందని కూడా అదే పత్రం ఒప్పుకొంది. నేటి మంచి వాలెట్లు కొత్త అడ్రస్‌ను వాటంతట అవే ఇస్తాయి, మిగిలిన చిల్లరను కూడా మరో కొత్త అడ్రస్‌కు మళ్లిస్తాయి. చిక్కంతా సొమ్ములను కలపడంలోనే వస్తుంది. ఎక్స్ఛేంజ్ నుంచి తెచ్చుకున్న మొత్తాన్నీ, స్నేహితుడు ఇచ్చిన మొత్తాన్నీ తెలియక ఒకే చెల్లింపులో కలిపేస్తే, అంతవరకు పాటించిన జాగ్రత్త వృథా అవుతుంది. అందుకే ఏ సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో లేబుల్ పెట్టుకుని, ఖర్చు చేసేటప్పుడు దేన్ని వాడాలో ఎంచుకునే వీలున్న వాలెట్‌నే తీసుకోవాలి. స్పారో వాలెట్‌లో ఆ వీలుంది. ఇంకొక సంగతి కూడా ఉంది: తేలికపాటి వాలెట్లు నిల్వ చూపడానికి వేరొకరి సర్వర్‌ను అడుగుతాయి కనుక, మన అడ్రస్‌లన్నీ ఒకరివేనని ఆ సర్వర్ నడిపేవారికి తెలిసిపోతుంది. సొంత నోడ్ (పద్దు మొత్తాన్ని మన కంప్యూటర్‌లోనే ఉంచుకునే ప్రోగ్రాం) నడిపితే ఆ బెడద తప్పుతుంది గానీ, దానికి వందల జీబీల డిస్కు, ఓపిక రెండూ కావాలి. కొద్దిపాటి పొదుపు ఉన్నవారికి అంత శ్రమ అనవసరమని నా అభిప్రాయం.

పీటూపీ విక్రయంలో, అంటే క్రిప్టోను నేరుగా మరో మనిషికి అమ్మడంలో, గోప్యత ఎక్కువన్నది అన్నిటికంటే ప్రమాదకరమైన భ్రమ. ముక్కూ మొహం తెలియని మనిషి నుంచి యూపీఐ ద్వారా డబ్బు తీసుకుంటే, మన పేరు అతనికి తెలుస్తుంది, ఆ డబ్బు ఏదైనా మోసం కేసులోదైతే, ఎక్కడో మరో రాష్ట్రంలోని సైబర్ పోలీసుల ఆదేశంపై మన బ్యాంకు ఖాతా స్తంభించిపోవచ్చు. తర్వాత ఆ లావాదేవీ వివరాలన్నీ మనమే కాగితాల మీద పెట్టి చూపించుకోవాలి.

సాంకేతికంగా చూస్తే, గోప్యత కోసమే రూపొందిన మొనెరో అనే నాణేనికి సాటి వచ్చేవి తక్కువ. 2014లో మొదలైన ఈ నాణెంలో పంపేవారి సొమ్మును ఇతరుల పాత సొమ్ముల్లో మరో పదిహేనింటి మధ్య కలిపి ఏది అసలుదో తెలియకుండా చేస్తారు, అందుకునేవారికి ప్రతిసారీ ఒక్కసారికే పనికివచ్చే అడ్రస్ పుడుతుంది, 2017 నుంచి ఎంత పంపారో కూడా కనిపించదు. జీక్యాష్ అనే మరో నాణెంలో గోప్యత ఐచ్ఛికం, మొనెరోలో అది అందరికీ తప్పనిసరి. అయినా తిరుపతి జిల్లాలోని సామాన్యుడికి దాన్ని సిఫారసు చేయలేను. 2024 ఫిబ్రవరిలో పెద్ద ఎక్స్ఛేంజ్ అయిన బైనాన్స్ దాన్ని తొలగించింది. రూపాయల్లోకి మార్చుకునే దారి ఇరుకైపోయింది. పైగా బిట్‌కాయిన్‌ను మొనెరోగా మార్చడం కూడా మన చట్టంలో బదిలీయే. లాభం ఉంటే 30 శాతం పన్ను, మీద సెస్సు పడతాయి. ఇవన్నీ దాటి, ఎక్స్ఛేంజ్ నుంచి తీసిన మొత్తాన్నే ఆ సాయంత్రం తిరిగి ఎక్స్ఛేంజ్‌లో వేస్తే, మొత్తాన్నీ సమయాన్నీ పోల్చి ఆ రెండూ ఒకే సొమ్మని ఎవరైనా ఊహించగలరు.

పలువురి సొమ్మును కలిపి జాడ చెరిపే మిక్సర్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. టోర్నడో క్యాష్ అనే మిక్సర్‌పై 2022 ఆగస్టులో అమెరికా ఆంక్షలు విధించి, 2025 మార్చిలో ఎత్తివేసింది. మిక్సింగ్ సేవ కూడా అందించిన సమురాయ్ వాలెట్ స్థాపకులు 2024 ఏప్రిల్‌లో అరెస్టయ్యారు. వాటి గుండా వచ్చిన సొమ్మును చూస్తే ఎక్స్ఛేంజ్‌లు ప్రశ్నలు వేస్తాయి, ఖాతాను ఆపే అవకాశమూ ఉంది. గోప్యత కోసం వెళ్లి అనుమానాన్ని కొని తెచ్చుకోవడం తెలివైన బేరం కాదు.

కనుక నేనైతే రెండు దారులనూ వేరువేరుగా వాడుకుంటాను. చేతి ఖర్చు, పరిచయస్థులకు పంపే చిన్న మొత్తాలు ఎక్స్ఛేంజ్ నుంచే వెళ్లాలి. ఏళ్లపాటు దాచుకునే బిట్‌కాయిన్ సొంత వాలెట్‌లో ఉండాలి, ఆ వాలెట్ నుంచి ఊళ్లో ఎవరికీ నేరుగా పంపకూడదు. కొన్న తేదీ, ధర, 1 శాతం టీడీఎస్ వివరాలను మాత్రం రెంటికీ రాసి ఉంచుకోవాలి, ఎందుకంటే లెక్క చూపవలసిన రోజున గోప్యత సాకుగా చెల్లదు.

పొదుపు పెద్దదై హార్డ్‌వేర్ వాలెట్ (క్రిప్టోను కదిలించే రహస్య తాళంచెవిని దాచే చిన్న పరికరం) కొనదలచినవారికి ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పాలి. 2020లో ఆ పరికరాలు తయారుచేసే లెడ్జర్ సంస్థ నుంచి బయటపడిన సమాచారంలో 2 లక్షల 70 వేల మందికి పైగా కొనుగోలుదారుల పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. తాళంచెవి భద్రంగానే ఉన్నా, దాన్ని కొన్నవారి ఇల్లు ఎక్కడో అందరికీ తెలిసిపోయింది. అందువల్ల ఆర్డరు పెట్టేటప్పుడు రోజూ వాడే ఫోన్ నంబరు, ఈమెయిల్ కాకుండా వేరేవి ఇవ్వడం, పార్సిల్‌ను ఇంటికి కాక ఆఫీసుకు తెప్పించుకోవడం మంచిది.