చిగరి బస్సులో ఏడేళ్లు: కర్ణాటకలోని హుబ్లీ–ధార్వాడ్ బస్సుల లేను (బస్సులకే విడిచిన దారి) మీద నా మాట

మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చినప్పుడు మొదటిసారి చిగరి బస్సెక్కించాను. లోపల మైకులో "ముందిన నిల్దాణ ఉణకల్" అనగానే ఆవిడ "అయ్యో, దాటిపోయిందే!" అంటూ సంచీతో సహా లేచి నిలబడింది. కన్నడంలో ముందిన అంటే రాబోయేది, నిల్దాణ అంటే స్టాపు. మనకు ముందు స్టాపంటే అయిపోయినదీ కావచ్చు, రాబోయేదీ కావచ్చు. ఆవిడకు ఈ సంగతంతా చెప్పి కూర్చోబెట్టేలోపు ఉణకల్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, బస్సు కదిలిపోయింది. "ఇదేంటే, రైల్లాగా పోతోంది" అంది అత్తయ్య. ఇప్పుడు ఊళ్లో నడుస్తున్న గొడవంతా ఆ మాట దగ్గరే ఉంది. ఉన్నది రైల్లాగా పోయే బస్సు. దాన్ని తీసేసి లైట్ రైలు (ఊళ్లో తిరిగే చిన్న రైలు) తెద్దామంటున్నారు.

మావారిది రైల్వే ఉద్యోగం. 2003 దాకా హుబ్లీ డివిజను సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలోనే ఉండేది కాబట్టి ఇక్కడ తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. కాపురం హుబ్లీలో, నా ఉద్యోగం ధార్వాడ్‌లో. రెండు ఊళ్లకూ 1962 నుంచి కార్పొరేషన్ ఒక్కటే, మధ్యలో దూరం మాత్రం 20 కిలోమీటర్లు. చిగరి రాకముందు నేను మామూలు బస్సులో పడ్డ పాట్లు చెప్పను. గంట పట్టిన రోజులు చాలా ఉన్నాయి, గంటంబావు పట్టిన రోజులూ ఉన్నాయి. ఎంత పడుతుందో ఇంట్లో బయల్దేరేటప్పుడు తెలియకపోవడమే అసలు టెన్షన్.

2018 అక్టోబర్ 2న ట్రయల్ పేరుతో బస్సులు మొదలయ్యాయి. అదే నెలలో ఎక్కడం మొదలుపెట్టాను. 16 నెలలు తిరిగాక, 2020 ఫిబ్రవరి 2న వెంకయ్య నాయుడు గారు ఉపరాష్ట్రపతి హోదాలో వచ్చి లాంఛనంగా ప్రారంభించారు. మన నెల్లూరాయన వచ్చాడని మా కాలనీలో కాస్త సంబరం కూడా. రెండు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్, అది వేరే కథ.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. చిగరి అంటే కన్నడంలో జింక. పొడవు 22 కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డు నడిమధ్య బస్సులకే విడిగా లేను, ఆ మధ్యలోనే స్టేషన్లు. టికెట్ బస్సులో ఇవ్వరు, స్టేషన్లోనే తీసుకుని గేటు దగ్గర స్కాన్ చేయాలి. ప్లాట్‌ఫారం బస్సు అంతెత్తున ఉంటుంది కాబట్టి మెట్టెక్కే పని లేదు, గడప దాటినట్టు దాటేయడమే. స్టేషను మధ్యలో ఉండటం వల్ల తలుపులు కుడివైపు తెరుచుకుంటాయి. స్టేషన్ల దగ్గర లేను వెడల్పుగా ఉంటుంది, ఆగని ఎక్స్‌ప్రెస్ ఆగిన బస్సును దాటుకుని పోవచ్చు. ఈ చిన్న ఏర్పాటే నా ఉద్యోగాన్ని కాపాడింది. ఎక్స్‌ప్రెస్ దొరికితే లేనులో నా వాచీ ప్రకారం నలభై నిమిషాలకు అటూ ఇటూ, అంతే. వానాకాలమైనా, పెళ్లిళ్ల సీజనైనా ఆ అంకె పెద్దగా మారలేదు.

మెట్టు లేకపోవడం అనేది చదివితే చిన్న సంగతి. ఉదయం విద్యానగర్ దగ్గర చూడండి. పక్కనే పెద్ద ప్రభుత్వాసుపత్రి. కాలికి కట్టుతో ఒకాయన, నిండు చూలాలొకామె, జొన్నరొట్టెల మూట పట్టుకున్న పల్లెటూరి ముసలమ్మ, ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కుతారు. ఒకసారి ఒక ముసలమ్మ గేటు దగ్గర టికెట్ కాగితాన్ని కొంగున ముడేసి, మళ్లీ విప్పలేక తంటాలు పడుతుంటే వెనక క్యూలో కాలేజీ పిల్లలంతా నవ్వకుండా ఆగారు. ముడి విప్పేసరికి కాగితం నలిగి స్కానర్‌కు అందలేదు. అక్కడున్న గార్డు చేత్తో గేటు తీశాడు. అమ్మమ్మ లోపలికొచ్చి సీట్లో కూర్చుని మళ్లీ ఆ కాగితాన్ని కొంగున ముడేసుకుంది.

ఇక తిట్టాల్సినవి. బస్సు వయసు కనిపిస్తోంది. రోజూ అటూ ఇటూ పరుగెత్తిన బండ్లకు ఏడేళ్లంటే తక్కువ కాదు. అయినా నా అసలు ఫిర్యాదు బస్సు మీద కాదు, రోడ్డు దాటడం మీద. స్టేషను మధ్యలో ఉంది కాబట్టి ఎక్కడానికైనా దిగడానికైనా సగం రోడ్డు దాటి తీరాలి. సిగ్నల్ ఉన్నా మోటార్‌సైకిళ్లు ఆగవు. లేనులో నలభై నిమిషాలు నిశ్చింతగా వచ్చి, చివరి పది గజాలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటాలి. పైగా స్టేషను నుంచి మా వీధికి ఆటో తప్ప దిక్కు లేదు. ఆటోకు ఇచ్చేది కొన్ని రోజులు బస్సు చార్జీని మించిపోతుంది.

లేనులోకి చొరబడే కార్ల సంగతీ చెప్పాలి. నవనగర్ దాటాక ఒకరోజు ఒక తెల్ల కారు అడ్డంగా దూరింది. డ్రైవర్ బ్రేకు తొక్కాడు, నా టిఫిన్ క్యారియర్‌లో సాంబారు ఎదురు సీటాయన ప్యాంటు మీదికి పోయింది. ఆయన నన్ను తిట్టలేదు, కారువాణ్ని తిట్టాడు, అదీ అచ్చమైన ధార్వాడ్ కన్నడంలో. కొన్ని మాటలు అప్పుడే నేర్చుకున్నాను.

పక్కనే ట్రాఫిక్‌లో ఇరుక్కున్న కార్లవాళ్ల బాధ వేరు. "మేమిక్కడ చస్తుంటే మధ్యలో లేను ఖాళీగా పడుంది, మాకూ తెరవండి" అంటారు. ఢిల్లీలోనూ ఇదే మాట. అంబేడ్కర్ నగర్–మూల్‌చంద్ మధ్య 5.8 కిలోమీటర్ల లేను 2008లో మొదలుపెట్టి, 2016లో పీకేశారు. చూసేవాళ్లకు లేను ఖాళీయే. బస్సు వచ్చి వెళ్లిపోయింది కదా మరి. అందులో పోయిన అరవై మందీ కార్లలో బయల్దేరి ఉంటే తెలిసేది.

2024 నుంచి కొత్త మాట వినిపిస్తోంది. జిల్లా ఇన్‌చార్జి మంత్రి సంతోష్ లాడ్ గారు ఇదే కారిడార్‌లో ఎలక్ట్రిక్ లైట్ రైలు అంటున్నారు. స్విట్జర్లాండ్‌కు చెందిన హెస్ కంపెనీ పేరు వినబడింది. రైలనగానే మా కాలనీలో చర్చ రాత్రి పదిన్నర దాకా సాగింది. తీరా చూస్తే దానికి పట్టాలే లేవు! రబ్బరు టైర్ల మీద నడిచే, పెట్టెలు అతికించిన పొడుగాటి బండి. జెనీవాలో ఇలాంటివే స్టాపుల దగ్గర 15–20 సెకన్లు ఛార్జి ఎక్కించుకుంటూ తిరుగుతున్నాయి. ముచ్చటైన ఏర్పాటే, కాదనను. మావారు మాత్రం ముప్ఫయ్యేళ్ల రైల్వే సర్వీసు గొంతుతో "పట్టాల్లేనిదాన్ని రైలనడానికి నాకు నోరు రాదు" అనేసి లేచి వెళ్లిపోయాడు.

నాకు దాని పేరుతో పేచీ లేదు. సాయంత్రం ఐదున్నరకు ఒక్కో బస్సులో వేలాడే జనాన్ని చూస్తే పెద్ద బండి కావాలనే అనిపిస్తుంది, పొగ లేకుండా పోతే ఇంకా మంచిది. కానీ ఏ బండి తెచ్చినా తిరగాల్సింది ఈ లేనులోనే. హుబ్లీలోని చెన్నమ్మ సర్కిల్ దగ్గరికొచ్చేసరికి ఆ లేను కాస్తా మాయం. అక్కడ మా బస్సు కూడా ఆటోల వెనక ఆటోలా నిలబడుతుంది. నాలుగు వారాలు రాసి పెట్టుకున్నాను: ఇంటికొచ్చేటప్పుడు మొత్తం యాభై నిమిషాలైతే అందులో పన్నెండు, పదిహేను ఆ చివరి ముక్కలోనే పోయాయి. స్విస్ బండి అక్కడేం ఎగిరిపోదు. పైగా పొడుగెక్కువ, ఆ మలుపులో ఎలా తిప్పుతారో చూడాలనుంది.

ఈ మాటే మా ఆడపడుచుతో అంటే, విజయవాడ సత్యనారాయణపురం గుర్తు చేసింది. అక్కడ పాత రైలు కట్ట తీసేసి, బస్సుల కోసమని మా చిగరి లాంటి విడి లేనుతో బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. ఇప్పుడు సాయంత్రమైతే అక్కడికి జనం వచ్చేది తినడానికే. తర్వాత అదే విజయవాడకు మెట్రో అన్నారు, లైట్ మెట్రో అన్నారు. "మీకు లేనైనా మిగిలింది, ఊరుకో వదినా" అంది.

మార్కులు వేయమంటే లేనుకు ఐదుకు నాలుగున్నర. బస్సుకు మూడు. స్టేషను నుంచి రోడ్డు దాటడానికి ఒకటి, అదీ గార్డులు చేయడ్డం పెట్టి బండ్లు ఆపుతున్నందుకు. చెన్నమ్మ సర్కిల్‌కు సున్నా.