మంచి అభ్యర్థి జారిపోకుండా: జాయినింగ్ బోనస్సా, ఫిక్స్‌డ్ జీతమా, నోటీసు బైఅవుటా?

హైదరాబాద్‌లో ఐటీ నియామకాలు చూసేవాళ్లందరికీ తెలిసిన బాధే ఇది. అన్ని రౌండ్లూ నెగ్గిన ఇంజినీరు ఆఫర్‌కి ఓకే అని మెయిల్ పెడతారు. 90 రోజుల నోటీసు మొదలవుతుంది. ఈలోగా మన ఆఫర్ చూపించి ఇంకో రెండు చోట్ల మాట్లాడతారు, ఉన్న కంపెనీ కూడా జీతం పెంచుతానంటుంది. చేరాల్సిన రోజు ఫోన్ ఎత్తరు. అభ్యర్థిని తిట్టుకుని లాభం లేదు. మెరుగైన జీతం వెతుక్కునే హక్కు వాళ్లకుంది. మన డబ్బు ఎక్కడ పెడితే పనిచేస్తుందో చూసుకోవాలి.

చాలా కంపెనీలు ముందు ఆలోచించేది జాయినింగ్ బోనస్. ఒక్కసారి ఖర్చు, జీతాల పట్టిక కదలదు కాబట్టి ఫైనాన్స్ వాళ్లు వెంటనే ఒప్పుకుంటారు. కానీ ఆ సొమ్ము సాధారణంగా చేరాకే వస్తుంది, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతుతో. అంటే చేరినవాళ్లని ఆపుతుంది గానీ, చేరేదాకా ఎవరినీ ఆపదు. పోటీ కంపెనీకి అదే బోనస్ ఇస్తాననడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు.

దానికి బదులు ఫిక్స్‌డ్ (ఏటా ఖాయంగా వచ్చే జీతం) పెంచితే? 22 లక్షల ఫిక్స్‌డ్, 3 లక్షల బోనస్ ఒక ఆఫర్ అనుకుందాం. బోనస్ లేకుండా 23.5 లక్షల ఫిక్స్‌డ్ ఇంకొకటి. మొదటి ఏడాది 25కి 23.5, బోనస్ ఆఫరే పైచేయి. రెండో ఏడాది రెండింటికీ 10 శాతం ఇంక్రిమెంట్ వేస్తే 24.2, 25.85 లక్షలవుతాయి. రెండేళ్ల మొత్తం 49.2 లక్షలు, 49.35 లక్షలు. అక్కడి నుంచి ఏటా ఫిక్స్‌డ్‌దే లాభం. తర్వాతి ఉద్యోగంలో బేరం మొదలయ్యేదీ ఎక్కువగా ఆ అంకె దగ్గరే. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి, అనుభవమున్న ఇంజినీరుకి మీరేం ఇస్తున్నారో ఇట్టే అర్థమవుతుంది. చిక్కల్లా టీమ్‌లో ఇప్పటికే అదే పని చేస్తున్నవాళ్లతోనే. వాళ్ల జీతం కూడా సరిచేసే ఉద్దేశం లేకపోతే ఈ దారి వద్దు. కొత్తగా ఒకరొస్తారు, పాతవాళ్లు ఇద్దరు రాజీనామా ఇస్తారు.

నోటీసు బైఅవుట్‌కి, అంటే మిగిలిన నోటీసు రోజులకి పాత కంపెనీకి డబ్బు కట్టి అభ్యర్థిని ముందే తెచ్చుకోవడానికి, రావలసినంత గౌరవం రావడం లేదని నా అభిప్రాయం. మనిషి చేజారేది ఆ 90 రోజుల్లోనే కదా, ఆ రోజుల్నే తగ్గించేది ఇదొక్కటే. ఇప్పుడు 18 లక్షలు తీసుకుంటున్న అభ్యర్థికి నెల జీతం లక్షన్నర. 60 రోజులు కొనాలంటే మొత్తం జీతం మీద లెక్కకట్టినా 3 లక్షలు. కొన్ని కంపెనీలు బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) మీదే లెక్కకడతాయి. బేసిక్ సగమైతే లక్షన్నరతో పని అయిపోతుంది. బోనస్‌కి పెట్టే డబ్బుతోనే రెండు నెలలు ముందే సీట్లో ఉంటారు. కాకపోతే పాత కంపెనీ ఒప్పుకోవాలి. చాలా అపాయింట్‌మెంట్ లెటర్లలో అది మేనేజ్‌మెంట్ ఇష్టం అనే రాసుంటుంది. అందుకే ఆఫర్ ఇచ్చే ముందే ఆ క్లాజు చదివి చెప్పమని అడగాలి.

ఈసాప్స్ (ముందే ఖాయం చేసిన ధరకి కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు) గురించి క్లుప్తంగా చెప్తాను. చట్ట ప్రకారం కనీసం ఏడాది ఆగితే గానీ వెస్టింగ్ (ఆ హక్కు చేతికి రావడం) మొదలవదు. షేర్లుగా మార్చుకునేటప్పుడు పన్ను, అమ్మేటప్పుడు లాభం మీద మళ్లీ పన్ను. హోమ్ లోన్ ఈఎంఐ కట్టే మనిషికి అది ఇవాళ్టి డబ్బు కాదు. జీతం తగ్గించి ఆ చోట ఈసాప్స్ చూపించడం సరికాదు.

ఇక మాట సంగతి. 48 గంటల్లో చెప్పమని ఒత్తిడి పెడితే "సరే" అన్న మెయిల్ వస్తుంది, మనిషి రారు. వారానికోసారి హెచ్‌ఆర్ ఫోన్ చేసి "జాయిన్ అవుతున్నారు కదండీ?" అని అడగడం కూడా అంతే. రేపు ఎవరి కింద పనిచేస్తారో ఆ మేనేజరే ఆఫర్ ఇచ్చిన రోజు ఫోన్ చేసి, మొదటి మూడు నెలల్లో ఏ పని అప్పజెప్తారో చెప్పడం నాకు అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. నోటీసు నడుస్తుండగా ఒకసారి టీమ్‌ని కలిపిస్తే ఇంకా మంచిది. ఆ పరిచయాన్ని ఫోన్‌లో ఇవ్వడం పోటీ కంపెనీ వల్ల కాదు.

ఆ కాల్‌లో దాపరికం పనికిరాదు. సీటీసీలో (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఏటి ఖర్చులో) కంపెనీ పీఎఫ్ వాటా ఎంత, బేసిక్‌లో 4.81 శాతంగా చూపించే గ్రాట్యుటీ ఎంత, పనితీరును బట్టి మారే వేరియబుల్ ఎంత, చివరికి నెలకి చేతికొచ్చేదెంత అన్నది మనమే విడదీసి పంపాలి. ఆఫీసుకి ఎన్ని రోజులు రావాలో లెటర్‌లోనే రాయాలి. మెట్రో రాయదుర్గం దగ్గర ఆగిపోతుంది. ఎల్బీ నగర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి రోజూ వెళ్లాలంటే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయమది.

నన్నడిగితే మేనేజర్ మాట ముందు, ఆ తర్వాత బైఅవుట్, డబ్బు ఇంకా మిగిలితే ఫిక్స్‌డ్. జాయినింగ్ బోనస్ ఒక సందర్భంలో మాత్రం న్యాయం. ఇప్పుడు మానేస్తే వార్షిక బోనస్ పోతుందనో, పాత కంపెనీకి తిరిగి కట్టాల్సింది ఉందనో అభ్యర్థి చెప్తే, ఆ కాగితం చూసి సరిగ్గా అంత మొత్తం ఇవ్వండి.