ఆవకాయా, బ్లౌజులా? బరంపురంలో సరదాను సంపాదనగా మార్చేముందు

పెట్టుబడి: ఆవకాయకు జాడీ, త్రాసు చాలు. కుట్టుకు మిషన్, కత్తెర, టేపు. పాత మిషనైనా ఫర్వాలేదు.

సాధన: అసలు తేడా ఇక్కడే. ఆవకాయ కాయ దొరికేది కొద్ది వారాలే, తప్పితే మళ్లీ వేసవికే. పాత చీరతో మాత్రం వారానికి మూడు బ్లౌజులు కుట్టి విప్పొచ్చు.

ఎక్కడ చెడుతుంది: బరంపురం గాలిలో తేమ ఎక్కువ. ముక్కలు తుడిచి ఆరబెట్టకపోయినా, పైన నూనె తేలకపోయినా బూజు పడుతుంది. ఆరు గిన్నెల ముక్కలకు కారం, ఆవపిండి ఒక్కో గిన్నె, ఉప్పు కాస్త తక్కువ. ఈ కొలత రాసుకోకపోతే రెండో జాడీకి రుచి మారిపోతుంది. మొదటి జాడీ మూడు నెలలు నిలిచాకే అమ్మకం మాట, అదీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదుతో.

బ్లౌజు చెడేది చంక దగ్గర. పక్క కుట్టులో అంగుళం గుడ్డ వదిలితే సర్దొచ్చు. చంక లోతుగా కత్తిరిస్తే ఇక అతుకే గతి. బరంపురం పట్టు ముక్క ముట్టేముందు వేర్వేరు కొలతలకు పది నూలు బ్లౌజులు కుట్టాలి.

ఎవరికేది: వేసవిలోనే తీరిక ఉంటే ఆవకాయ. రోజూ రెండు గంటలు దొరికి, నెలనెలా డబ్బు కావాలంటే కుట్టు. పెళ్లిళ్ల సీజన్లో తొందరపెట్టేవాళ్లను మాత్రం భరించాలి!