మా గరాజ్‌కి కుదిరిన కార్ లిఫ్ట్

డాలస్‌లో మా గరాజ్ సీలింగ్ ఎత్తు 9 అడుగులే. టూ పోస్ట్ లిఫ్ట్ (నేలకి బోల్టులు బిగించిన రెండు స్తంభాల మధ్య కారుని పైకి లేపేది) మీద మనసు పడ్డాను కానీ, దానికి దాదాపు 12 అడుగులు కావాలి, పైగా మా గరాజ్ నేల కాంక్రీటు పోస్ట్ టెన్షన్ రకం, అంటే లోపల బిగించి లాగిన ఉక్కు కేబుళ్లు ఉంటాయి, బోల్టుల కోసం డ్రిల్ చేస్తూ లోపలి కేబుల్ తెగిందంటే ఇక అంతే సంగతులు. చివరికి నేల మీద పరిచే రెండు ఫ్రేముల లిఫ్ట్, క్విక్‌జాక్, 5000 పౌండ్ల బరువు ఎత్తేది తీసుకున్నా. కారు దాదాపు 20 అంగుళాలు లేస్తుంది, ఆయిల్, బ్రేకులు హాయిగా మార్చుకుంటున్నా. గేర్‌బాక్స్ దింపాలంటే మాత్రం కష్టమే. ఫ్రేములు బరువు, ఒక్కడినే గోడ వారకి లాగేసరికి నడుం పట్టేసింది (మా ఆవిడ నవ్వింది). లాక్ టక్కుమని పడ్డాకే కిందకి దూరండి, ఫ్రేముల మీది రబ్బరు బ్లాకులు జాకింగ్ పాయింట్ల (కారు అడుగున జాక్ ఆనించే గట్టి చోట్ల) కిందే ఆనాయో లేదో టార్చి వేసి చూసుకోండి.